ఒత్తిడి వాళ్లది, ఊపిరి మనది

మధ్యాహ్నం ఒంటిగంటకు, అంటే సరిగ్గా అన్నం వేళకు, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈమధ్య ఒక ముచ్చట జరుగుతోంది. పేరు వెల్‌నెస్ సెషన్. కెమెరా ఆన్‌లో ఉండాలి, హాజరు తప్పనిసరి. తెరమీద ప్రత్యక్షమైన కోచ్‌గారు "కళ్లు మూసుకోండి, మనసులో బరువంతా దించేయండి" అంటారు. మూయగానే 'టింగ్'మంటుంది. మేనేజరు. "సెషన్ అవగానే ఓ క్విక్ కాల్?" దించిన బరువు దించినచోటే ఎత్తుకోవాలన్నమాట. క్యారియర్ మూత తియ్యకుండానే రెండవుతుంది. ఆఖర్న ఫీడ్‌బ్యాక్ ఫారం: మీ మనసిప్పుడు ఎంత ప్రశాంతంగా ఉంది, ఒకటి నుంచి అయిదు దాకా? తక్కువ వేస్తే హెచ్‌ఆర్ ఇంకో సెషన్ పెడుతుందని తెలుసు కనక అందరూ అయిదే వేస్తారు.

పిల్లను గిల్లి జోలపాడే విద్య మనకు కొత్తేం కాదు. ఇప్పుడు జోల కూడా పిల్లే పాడుకోవాలి, పాడుకున్నట్టు యాప్‌లో ఎక్కించాలి. అదీ తేడా.

అమెరికావాడికి తెల్లారేసరికి మనకు చీకటి పడుతుంది. కాల్ అయ్యేసరికి అర్ధరాత్రి. అందాకా మేలుకున్న మనవాడికి కోచ్‌గారి ఉపదేశం, పొద్దున్నే అయిదింటికి లెమ్మని. 2018లో రాబిన్ శర్మ రాసిన 'ది 5 ఏఎం క్లబ్' పుణ్యం ఇది. ఇరవై నిమిషాలు ఒళ్లు వంచాలి, ఇరవై ఆలోచించాలి, ఇరవై నేర్చుకోవాలి. మనవాళ్లు అందులోంచి లేచే వేళ ఒక్కటే ఎత్తుకొచ్చారు. పడుకునేదెప్పుడండీ అంటే "టైమ్ మేనేజ్‌మెంట్" అంటారు.

ఏ పుస్తకమూ చదవకుండానే ఆ వేళకు లేచి పాలప్యాకెట్టు కత్తిరించే ఆవిడకు మాత్రం ఏ క్లబ్బులోనూ సభ్యత్వం లేదు. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం మనదేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తుంటే, ఆ పని ముట్టుకునే మగవాళ్లు చేసేది 88. ఆవిడకూ సెల్ఫ్‌కేర్ చెప్పే వీడియోలున్నాయి. వంట చేస్తూ వినొచ్చునట!

ఇక లక్ష్యాలు. ప్రతి కోచ్ దగ్గరా ఒక కథ ఉంటుంది. 1953లో యేల్ యూనివర్సిటీలో లక్ష్యాలు కాగితమ్మీద రాసుకున్న మూడు శాతం మంది, ఇరవయ్యేళ్ల తర్వాత తక్కిన 97 శాతం మందీ కలిసి సంపాదించినదానికన్నా ఎక్కువ వెనకేశారని. అలాంటి సర్వే చేసిన దాఖలాయే లేదని యేల్ ఎప్పుడో తేల్చింది. అయినా స్లయిడ్ మారలేదు. 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన మేనేజర్లకోసం 'స్మార్ట్' గోల్స్ అనే సూత్రం కట్టాడు. కంపెనీ పనులు కొలవడానికి పుట్టిన ఆ బద్ద ఇప్పుడు నిద్రనూ నవ్వునూ కొలుస్తోంది. నాకు తెలిసిన ఒకాయన అప్రైజల్ ఫారంలో వెల్‌బీయింగ్ గోల్ కింద 'పాపతో ఆడుకోవడం' అని రాశాడు. కొలవడానికి వీల్లేదని తిప్పి పంపారు. 'వారానికి మూడుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు' అని దిద్దితే అప్రూవ్ అయింది. మూడు నెలలకు రివ్యూ పెట్టి, ఆటలో వెనకబడ్డావన్నారు.

పదివేల అడుగుల పోటీ సంగతి చెప్పక్కర్లేదు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముకోవడానికి యమాసా కంపెనీ పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. మన దగ్గర ఫోను పాప ఉయ్యాలకు కట్టినవాడే గెలుస్తాడు. బహుమతి, కంపెనీ బొమ్మేసిన స్టీలు నీళ్లబాటిల్.

ధ్యానాన్నీ నడకనీ నేను తిట్టడం లేదు. రెండూ మంచివే. కానీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను నిర్వచిస్తూ, అది పనిచేసే చోట పుట్టే దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల వచ్చేదని స్పష్టంగా రాసింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 46 వేలమందికి పైగా ఉద్యోగుల లెక్కలు తీసి 2024లో తేల్చిందేమిటంటే, ఇలాంటి క్లాసులకూ యాప్‌లకూ వెళ్లినవాళ్లు వెళ్లనివాళ్లకంటే బాగున్నదేమీ లేదని. ఇద్దరు మానేస్తే వాళ్ల పని మూడోవాడి నెత్తిన పెట్టినప్పుడు, వాడికి కావలసింది ఆ రెండు సీట్లలో మనుషులు. కోచ్‌గారికి ఇచ్చే ఫీజు చవక కాబట్టి కోచ్‌గారొస్తారు.

పైవాళ్లకు ఈ బాధ లేదు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు 2023లో కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్‌గారు దాన్ని 90కి పెంచి, ఇంట్లో కూర్చుని పెళ్లాం మొహం ఎంతసేపు చూస్తారని అడిగారు. మొహం చూడటం కూడా సెల్ఫ్‌కేరేనని ఏ కోచ్‌గారూ లేచి చెప్పిన జ్ఞాపకం లేదు.

ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, డ్యూటీ దిగాక బాసు ఫోను ఎత్తకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారుగానీ, అది చట్టం కాలేదు. ఈలోగా మనకు బాక్స్ బ్రీతింగ్ నేర్పుతున్నారు. నాలుగంకెలు పీల్చాలి, నాలుగు బిగబట్టాలి, నాలుగు వదలాలి, నాలుగు ఆగాలి. బిగబట్టి ఉండగా క్లయింటు ఫోను చేస్తే ఎత్తాలా వద్దా అన్నది సిలబస్‌లో లేదు.