నిశాక్షయ శాస్త్రం: ఆల్టర్నేటర్ కాండ

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయంతో మొదలవ్వాలని పెద్దల కట్టడి. కనుక చిత్తగించండి. విషయం: రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోవడం. ప్రయోజనం: పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి కారు తోసే బాధ తప్పడం. సంబంధం: బ్యాటరీకీ కారుకీ ఉన్నది, రోజూ రాత్రి నెగటివ్ టెర్మినల్ పీకి దాన్ని తెంచేయడం తాత్కాలిక వైద్యమే తప్ప సిద్ధాంతం కాదు. అధికారి: పాత అంబాసిడర్‌ని వాడలేక, అమ్మబుద్ధీ కాక షెడ్డులో ఉంచుకున్నవాడు.

సూత్రం 1: పాతదానికి కొత్తది తగిలిస్తే అనుమానం కొత్తదాని మీదికే పోవును.

భాష్యం: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మన దేశంలో ఎత్తిన అవతారమే అంబాసిడర్. 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు వైపు పత్తికో మిరపకో ధర పలికిన ఏడు మోతుబరి ఇంటి ముందు వెలిసిన తెల్లకారు ఇదే. పాత మోడళ్ళలో కరెంటు పుట్టించేది డైనమో. అది ఇచ్చేది ఇరవై ఆంపియర్ల చిల్లర, అదీ ఇంజను పరుగెడితేనే. గుంటూరు మిర్చి యార్డు ముందు టిక్కీల లారీల వెనక ఇరుక్కుంటే హెడ్‌లైట్లు ఎర్రబడి, హారన్ గొంతు బొంగురుపోతుంది. దీనికి విరుగుడుగా జనం ఆల్టర్నేటర్ వేయించుకుంటారు. అందులో మూడు ఫేజుల కరెంటు పుడుతుంది, ఆరు డయోడ్లు దాన్ని ఒకే దిక్కున నడిపిస్తాయి, బండి ఐడిలింగ్‌లో ఉన్నా చార్జింగు అందుతుంది.

మన శాస్త్రానికి ఆధారమైన కారుకీ ఓ మేస్త్రీ చేత అలాగే వేయించారు. ఇంజను ఆన్ చేసి చూస్తే పద్నాలుగు వోల్టులు. అందరూ భేష్ అన్నారు. సాయంత్రం ఆరింటికి షెడ్డులో పెట్టి, పొద్దున ఆరింటికి తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’మని ఊరుకుంది. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, ఇది 11.9 చూపింది. అంటే దాదాపు అడుగంటింది.

సూత్రం 2: ఎంతమంది చుట్టాలో అన్ని పూర్వపక్షాలు.

బావగారి పక్షం: ‘డైనమో ఉన్నన్నాళ్ళూ ఇట్టా ఉందా? పీకి అవతల పారెయ్యండి.’ పెదనాన్నగారి పక్షం: ‘కరకంబాడిలో, ఏడుకొండలవాడి కనుసన్నల్లో తయారైన బ్యాటరీ అది, దానికి వంక పెట్టకండి. తమ్ముడు పెట్టించిన పాటల పెట్టెని చూడండి.’ తమ్ముడి పక్షం: పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళికి బిగించిన ఫ్యాను. అమ్మమ్మ పక్షం: బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెట్టారు, అందుకే దిగింది. తేమ పీల్చే పెట్టెల్లో బ్యాటరీలు వచ్చిన కాలంలో ఈ మాటకు కొంత బలముండేది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు.

పాలేరు పక్షం ఎలుకలు: పక్కనే పత్తి మండెలు, అవి వైర్లు కొరికాయి. దీనికి మేస్త్రీ ఖండనం: ‘షెడ్డు నిండా మిరపకాయలుంటే ఎలక ఎందుకొస్తదయ్యా?’ ఈ ఖండనాన్ని తేలిగ్గా తీసేయరాదు. మిరపలోని కాప్సైసిన్ ఘాటు పాలిచ్చే జంతువులకే మంట పుట్టిస్తుంది, పక్షులకు తెలియదు. జపాన్ హోండా కంపెనీ ఈ ఘాటు పట్టించిన టేపుని ఎలుకలు కొరక్కుండా వైర్లకు చుట్టడానికే అమ్ముతుంది. గుంటూరు మిరప లోకానికి చేసే సేవల్లో కూర ఒక్కటే కాదని దీన్నిబట్టి తేలుతోంది. వైర్లన్నీ తడిమి చూశారు. ఎక్కడా కొరికిన గుర్తు లేదు. ఎలుక నిర్దోషి.

సూత్రం 3: మాటకు మాట ప్రమాణం కాదు, మీటరు ప్రమాణం.

భాష్యం: అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పాడు. మన షెడ్లలో చెల్లేది శబ్దం ఒక్కటే, అందులోనూ పెద్దగా అరిచినవాడిదే. కరెంటుకి అది పట్టదు. కూడలికి వచ్చిన కరెంటెంతో పోయేదీ అంతేనని 1845లో కిర్కాఫ్ తేల్చాడు. బ్యాటరీ నుంచి పోతోందంటే ఏదో దారిన పోతున్నట్టే. ఆ దారి పట్టుకోవడానికి మన తార్కికుల అన్వయ వ్యతిరేకాలు చాలు: అది ఉంటే ఇది ఉంటుంది, అది తీస్తే ఇది పోతుంది.

ప్రయోగం: బండి ఆపి, తలుపులన్నీ మూసి, నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, పోస్టుకీ ఆ వైరుకీ మధ్య పది ఆంపియర్ల రేంజిలో మీటరు పెట్టాలి. ఈ స్థితిలో ఎవరూ సెల్ఫ్ కొట్టరాదు, కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇలాంటి కారులో గడియారం ఉన్నా వెయ్యిలో యాభైవంతుల ఆంపియరు లోపే ఉండాలి. మన కారు మూడు ఆంపియర్లు చూపింది.

పాటల పెట్టె వైరు తీశారు: మూడు. ఫ్యాను తీశారు: మూడు. ఉన్న కాసిని ఫ్యూజులూ పీకారు: మూడే. చుట్టాలు ఒక్కొక్కరే నిర్దోషులుగా తేలుతుంటే ఇంట్లో సంతోషం కనిపించలేదు. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పారు: మూడు. అంటే డయోడ్లు కూడా మంచివే. చివరికి పక్కనున్న సన్న వైరు లాగితే ముల్లు సున్నా దగ్గర పడింది.

సూత్రం 4: దొంగ తాళం పగలగొట్టలేదు, తాళమే లేని గుమ్మం చూపించారు.

సిద్ధాంతం: డైనమో తనలో మిగిలిన అయస్కాంతంతోనే మొదలవుతుంది, బండి ఆగగానే కటౌట్ దాన్ని బ్యాటరీ నుంచి విడదీస్తుంది. దానికి తాళంతో పనిలేదు. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌కి మాత్రం తాళం తిప్పితేనే కరెంటు అందాలి. డైనమోల మీద చేయి తిరిగిన మన మేస్త్రీ ఆ సన్న వైరుని పాత కటౌట్ డబ్బాలో ఎప్పుడూ కరెంటుండే ‘ఏ’ టెర్మినల్‌కి బిగించాడు. దాంతో బండి నిద్రపోయినా ఆల్టర్నేటర్‌లో అయస్కాంతం పుట్టించే రోటర్ చుట్ట మేలుకునే ఉంది. దాని నిరోధం నాలుగు ఓములు. పన్నెండుని నాలుగుతో భాగిస్తే మూడు. పన్నెండు గంటలకు ముప్పై ఆరు ఆంపియర్-గంటలు. యాభై ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇంకేం మిగుల్తుంది?

మీటరు లేనివారికి ప్రత్యక్ష ప్రమాణం ఇంకొకటుంది. తాళం తీసేసి, స్క్రూడ్రైవర్ కొనని ఆల్టర్నేటర్ పుల్లీ నట్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. గట్టిగా లాక్కుని అంటుకుంటే లోపల అయస్కాంతం పనిచేస్తోందన్న మాట. మేస్త్రీ అలా పెట్టి చేయి వదిలేశాడు, స్క్రూడ్రైవర్ కిందపడలేదు. ఆల్టర్నేటర్ ఒళ్ళు తెల్లారగట్ల చలిలో కూడా గోరువెచ్చగా ఉంది.

ఇక్కడ కాకతాళీయ న్యాయం సవరించుకోవాలి. కాకి వాలింది, తాటిపండు పడింది. రెంటికీ సంబంధం లేదనడం పాత పాఠం. ఇక్కడ కాకి వాలినందుకే పండు పడింది. అయినా తప్పు కాకిది కాదు, తెచ్చి ఆ గెలకే కట్టేసినవాడిది.

ఫలశ్రుతి: సన్న వైరుని తాళం దాటిన టెర్మినల్‌కి మార్చడం సిగరెట్టు కాలేలోపు పని. తీర్పు మాత్రం ఇంకా నడుస్తోంది. కరెంటు పోయింది ఆల్టర్నేటర్‌లోంచే కదా అని బావగారు గెలిచారు. బ్యాటరీ బంగారమని తేలింది కదా అని పెదనాన్నగారు గెలిచారు. సామాను మంచిదే, వైరింగే తేడా అని మేస్త్రీ గెలిచి, రెండో కూలి కూడా తీసుకున్నాడు. ఓడింది కారు ఓనరు ఒక్కడే. అందుకే ఈ శాస్త్రం చివరి విధి: కారణం వెతికేటప్పుడు చుట్టాల్ని పిలవరాదు, దొరికాక అస్సలు పిలవరాదు.