పెట్రోలుకు తాడు అడ్డం

గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదలడని మనవైపు మాట. ఇప్పుడు నీళ్లతో పనిలేదు. చేవెళ్ల, మొయినాబాద్ పక్క గజం భూమి మీద ఓ అర్జీ పెట్టుకుంటే చాలు, జన్మలో ఆఫీసు గడప వదలలేడు.

అదే రంగారెడ్డి జిల్లాలో, 2019 నవంబర్ 4న, అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ విజయారెడ్డిని పట్టపగలు ఆమె ఛాంబర్‌లోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆర్పబోయిన డ్రైవర్ కాలి చనిపోయాడు. అంటించినవాడూ బతకలేదు. భూ వివాదమన్నారు. ఏ పెండింగ్ ఫైలూ హత్యకు సాకు కాదు. ఈ ముక్క విడిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఆ సాయంత్రానికే ఫోన్లలో తీర్పులిచ్చిన పెద్దమనుషులున్నారు.

తర్వాత? ఖండనలు, విధుల బహిష్కరణ, సంతాపం. అసలు సిసలు ఆవిష్కరణ మాత్రం కర్నూలు జిల్లా పత్తికొండలో జరిగింది. అక్కడి మహిళా తహసీల్దార్ తన ఆఫీసులో బల్లకు ముందు తాడు కట్టించారు, అర్జీదారు అవతలే నిలబడాలని! ఆమె భయం నిజం, దాన్ని చూసి నవ్వను. కానీ ఒక అధికారి ప్రాణానికి ఇంత పెద్ద సర్కారు ఇవ్వగలిగింది మూరెడు తాడేనా? పెట్రోలు తాడును చూసి ఆగుతుంది కాబోలు.

మన ఆఫీసుల్లో ఏర్పాట్లకు లోటేముంది? ఎర్ర బకెట్లుంటాయి, ఇసుక బదులు గుట్కా ఉమ్ములుంటాయి. గోడకు సిలిండర్ వేలాడుతుంది, గడువు చీటీ మీద అంకెలు ఎప్పుడో వెలిసిపోయాయి. వెనక తలుపుంటుంది, దానికి బీరువా అడ్డం. బీరువాలో ఆ అర్జీదారు ఫైలే ఉంటుంది. అన్నిటికీ రిజిస్టర్లున్నాయి గానీ, 'ఫలానావాడు నిన్న చంపుతానని పోయాడు' అని రాసుకునే పుస్తకం మాత్రం నా కంటబడలేదు. మంటలంటుకున్న మనిషి మీద కప్పడానికి దుప్పటి అడిగితే, ఇండెంట్ పెట్టమంటారు.

పై నుంచి మార్పులకేం కొదవ? తెలంగాణలో 2020లో వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) పోయారు, భూ రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినప్పుడల్లా రైతు క్యూలో మళ్లీ మొదటికొస్తాడు, కౌంటర్లో కూర్చున్న చిన్న ఉద్యోగి తిట్లు మొదట్నుంచీ తింటాడు. 2024 నవంబర్‌లో లగచర్లలో భూసేకరణ మాట్లాడబోయిన వికారాబాద్ కలెక్టర్ మీదే చెయ్యి లేచింది. ఊరి నడుమ తాడు ఎక్కడ కడతారు?

అయినా కట్టండి సార్. టెండర్ పిలవండి, తక్కువ కోట్ చేసినవాడికే ఇవ్వండి, నాణ్యత కమిటీ వేయండి. పనిలో పనిగా, డ్రైవరూ అటెండరూ ఆ తాడుకు ఏ పక్కన నిలబడాలో కూడా ఓ సర్క్యులర్ తీయండి.