గోరంత

అనంతపురం జిల్లాలోని ఆ ఊరి అంగన్‌వాడీకి నేను టీచర్‌గా వెళ్ళేనాటికే ఆయమ్మ అక్కడ పదేళ్ళుగా పనిచేస్తోంది. పిల్లలకు కొత్త తిండి ఏది పెట్టాలన్నా ఆమెదొక పద్ధతి. ముందు తల్లిని అడిగేది. తర్వాత గోరంత ముక్క తుంచి పెట్టేది. పెట్టి, ఆ బిడ్డ ఎదురుగా కూర్చుని ముఖంలోకే చూస్తుండేది. ఒకే రోజు రెండు కొత్తవి పెట్టనిచ్చేది కాదు. పొద్దు వాలాక కొత్తది ముట్టనిచ్చేది కాదు. ఇరవై మంది పిల్లలు, ఒకటే పొయ్యి. నాకు విసుగొచ్చేది.

ఇంకొకటి కూడా గమనించాను. ఏ బిడ్డను చూసినా ‘ముద్దుగా ఉన్నాడు’ అన్న మాట ఆమె నోట వచ్చేది కాదు. ఊళ్ళో పేరంటాలకు ఆమెను పిలిచేవారు కాదు. భర్త లేని మనిషని కాబోలు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మూడేళ్ళ బాబు ఒకడు కొత్తగా చేరాడు. తల్లీతండ్రీ బేల్దారి పనికి బెంగళూరు పోతూ వాణ్ణి జేజి దగ్గర వదిలారు. జేజి రోజూ బిడ్డను నా చేతికే ఇచ్చేది. ఆయమ్మ ఎదురైతే ముఖం తిప్పుకునేది.

ఒకరోజు ఊళ్ళో ఎవరో కూతురి పుట్టినరోజని శెనక్కాయ చిక్కీలు పంపారు.

“కొత్త పిల్లోడు టీచరమ్మా. వాళ్ళమ్మకు ఫోన్ చేసి అడుగుదాం. ల్యాకుంటే గోరంత పెడదాం” అంది ఆయమ్మ.

“ఊరి చుట్టూ శెనక్కాయ చేలే. ఈ ఊళ్ళో శెనక్కాయ పడని పిల్లలుంటారా?” అంటూ నేనే చిక్కీ విరిచి వాడి నోట్లో పెట్టాను.

రెండుసార్లు నమిలి ఉమ్మేయబోయాడు. “నాలిక కుడతాంది” అన్నాడు. మొండికేస్తున్నాడనుకుని బుజ్జగించి ఇంకో ముక్క పెట్టాను.

పది నిమిషాలు కాలేదు. పెదవులు ఉబ్బాయి. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత ఊపిరి పిల్లికూతలా రావడం మొదలైంది. నేను నీళ్ళు తాగించబోయాను. ఎవరో దిష్టి తియ్యమన్నారు. ఎండుమిరపకాయల కోసం ఒకామె పరుగెత్తింది. ఆయమ్మ అందరినీ తోసుకుని వచ్చి బిడ్డను లాక్కుంది. రోడ్డు మీద పోతున్న ఆటోకు అడ్డంగా నిలబడింది. దారి పొడుగునా వాణ్ణి ఒడిలో ఒత్తిగిల పడుకోబెట్టుకుని ఒకటే మాట: “ఈసారి పోనీను. ఈసారి పోనీను.”

ఆ ‘ఈసారి’ అప్పుడు నా చెవికెక్కలేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ ఒక్క చూపు చూసి వాడి తొడకు బయటివైపున సూది వేసింది. అడ్రినలిన్. 0.15 మిల్లీలీటర్లు. మూడు చుక్కల మందు. కాసేపటికి ఊపిరి తేటపడింది. మళ్ళీ తిరగబెట్టే ప్రమాదం ఉందని వాణ్ణి అక్కడే ఉంచమంది.

“ఇక మా సెంటర్‌లో శెనక్కాయ అనేదే కనపడనివ్వను” అన్నాను ఏడుస్తూ.

“ఆ తప్పు చెయ్యకండి. పడనిది వీడికి. మిగతా పిల్లలకు అది బలం. లండన్‌లో 640 మంది పసివాళ్ళ మీద చేసిన పరిశోధన 2015లో వెలువడింది. ఏడాది నిండకముందే శెనక్కాయ తినడం అలవాటైనవాళ్ళలో ఈ అలర్జీ, దాన్ని దూరం పెట్టినవాళ్ళతో పోలిస్తే అయిదో వంతే కనిపించింది. చిన్నపిల్లలకు గింజలుగా కాదు, మెత్తగా నూరి పెట్టండి. కొత్తదైతే పొద్దున పూట, కొంచెమే, ఒక్కటే. పెట్టాక కనిపెట్టుకుని ఉండండి.”

అందులో ప్రతి మాటా నేను రోజూ విసుక్కున్నదే.

అప్పటికి జేజి పరుగున వచ్చింది. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా అవ్వా?” అని అడిగింది డాక్టరమ్మ.

“ల్యాదమ్మా. మా చిన్నకొడుకు ఒగడు నాలుగేండ్లకే పాయె. అది దిష్టి. ముప్పై ఏండ్లాయె.”

“పోయేముందు ఏమైంది?”

“మూతి ఉబ్బె. ఒళ్ళంతా దద్దుర్లు. కక్కె. బస్సు రాకముందే పాయె. అంతకు కొంచెం ముందే ఒగతి వాణ్ణి ఎత్తుకుని ‘ఎంత ముద్దుగుండాడో’ అనె. ఆ పాడు కన్నే తల్లీ.”

“ఎత్తుకుని?”

“ఏముంది, శెనక్కాయ ఉంట పెట్టె.”

డాక్టరమ్మ పెన్ను ఆగింది. జేజి చూపు కిటికీలోంచి గేటు వైపు పోయింది. అక్కడ వేపచెట్టు కింద, లోపలికి రాకుండా కూర్చుని ఉంది ఆయమ్మ.

“అది కన్ను కాదవ్వా. ఇదే జబ్బయి ఉండాలి” అంది డాక్టరమ్మ మెల్లగా. జేజి చాలాసేపు మాట్లాడలేదు.

నేను బయటికి వెళ్ళి బాబు బతికాడని ఆయమ్మకు చెప్పాను. డాక్టరమ్మ అన్న మాట కూడా చెప్పాను. ఆమె తన అరచేతుల వంక చూసుకుంది. “ముప్పై ఏండ్లు నా కన్నే అనుకుంటి. చెయ్యా టీచరమ్మా?” అంది. కాసేపాగి, “ఆ సూది ఈ మధ్య వచ్చిందా?” అని అడిగింది. 1901 నుంచీ ఉన్న మందని ఆమెకెట్లా చెప్పను?

లోపలికి వచ్చి జేజి కాళ్ళ దగ్గర కూలబడ్డాను. “చిక్కీ పెట్టింది నేనే. ఆయమ్మ ఆగమంటున్నా పెట్టాను” అన్నాను.

జేజి నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

“తెలీక పెడితివి. నీ తప్పేముంది తల్లీ? నీది సల్లని చెయ్యి.”

ఆ వేళ్ళకు పొద్దుటి బెల్లం జిగురు ఇంకా వదల్లేదు.