శిబిరసూత్రానికి పిన్నీసు వ్యాఖ్య

మూలం: “కొండకు పోయేవాడికి పిన్నీసు, తాడు, ఉప్పు, తువ్వాలు, అగ్గిపెట్టె.”

అవతారిక, అనగా గ్రంథం ఎందుకు పుట్టవలసి వచ్చిందో తెలిపే ముందుమాట. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా శనివారం బయలుదేరి, పెనుకొండ దుర్గం చుట్టుపక్కలనో చెన్నేకొత్తపల్లి గుట్టల నడుమనో ఒక్క రాత్రి గుడారంలో పడుకొని, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగిపోయేవారికి ఈ గ్రంథంలో ‘శిబిరవాసులు’ అని సంకేతం. వీరు బయలుదేరే ముందు ఒక జాబితాను పారాయణం చేస్తారు. అందులో గాలి నింపే పరుపు, మడత కుర్చీ, నుదుటికి కట్టుకునే దీపం, చెమట పీల్చే చొక్కా మొదలైనవి ‘ప్రాణరక్షణ సామగ్రి’ అనే గంభీరమైన శీర్షిక కింద ధరలతో సహా కొలువుదీరి ఉంటాయి. బండి లోంచి సామగ్రి అంతా దిగిన కాసేపటికి పాదంలో ముల్లు దిగినవాడొకడు కుంటుకుంటూ గొర్రెల కాపరి దగ్గరకు వచ్చి “అన్నా, పిన్నీసుందా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబుగా అవతరించిందే పై సూత్రం. దీనికి కర్త తెలియదు, తాళపత్రం లేదు, పాఠాంతరం లేదు. కాబట్టి వ్యాఖ్యానానికి ఇంతకన్న అనుకూలమైన గ్రంథం దొరకదు.

కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రచించాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అటువంటి ప్రతిజ్ఞ దేనికీ కట్టుబడలేదు. ప్రతిపదార్థం, అంటే మాటకు మాటగా అర్థం చెప్పడం, ఇక్కడ విడిచిపెట్టబడింది. తువ్వాలు అనగా తువ్వాలే.

ఇక పిన్నీసు. సూత్రకారుడు దీన్ని మొదటనే ఎందుకు నిలిపాడన్నది విచారించదగిన విషయం. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే కల్పనాశాలి ఒక తీగముక్కను వంచి, ఒక కొసన చుట్ట తిప్పి, మరొక కొసన మొనకు తొడుగు పెట్టి, దానికి పేటెంటు పొంది, ఆ హక్కును 400 డాలర్లకు అమ్ముకున్నాడు. అందులోని నేర్పంతా ఆ చుట్టలోనే ఉంది, ఎందుకంటే తీగ తన స్థితిస్థాపక గుణంతో మొనను తొడుగులోకి నెట్టి పట్టి ఉంచుతుంది. అందువల్ల తెగిన సంచి పట్టీ, ఊడిన బొత్తాము, చిరిగిన గుడారపు తలుపు అన్నీ దీని ఏలుబడిలోకి వస్తాయి. అయితే అనంతపురం సీమలో ఇవన్నీ గౌణప్రయోజనాలు, అంటే రెండో వరుస ఉపయోగాలు. ముఖ్యప్రయోజనం ముల్లు. మొలతాడుకు పిన్నీసు తగిలించుకొని తిరిగే కాపరికి ఈ తారతమ్యం ఏ గురువూ బోధించనక్కరలేదు.

ముల్లు అన్నప్పుడు ఏ ముల్లు అనే జిజ్ఞాస సహజంగా కలుగుతుంది. నల్లతుమ్మ ముల్లు, రేగు ముల్లు, పల్లేరు కాయ ఈ నేలకు పాతకాపులు. వీటి నడుమకు వచ్చి పెత్తనం చేస్తున్నది సర్కారు తుమ్మ. మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాలకు చెందిన ఈ చెట్టును, వంటచెరకు కరువు తీర్చడానికి మద్రాసు అటవీశాఖ వారు విత్తనాలు తెప్పించి 1877లో పొరుగున ఉన్న కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. అంటే దీని పేరులోని సర్కారు అలంకారం కోసం వచ్చింది కాదు, నిజంగా సర్కారు వారి నిర్వాకమే. కాయ తియ్యగా ఉంటుంది గనుక గొర్రెలు, మేకలు ఇష్టంగా తింటాయి. లోపలి గింజ మాత్రం జీర్ణం కాక పెంటికలతో పాటు బయటపడి, పడినచోటల్లా మొలుస్తుంది. ఈ విధంగా కాపరి తన మందచేతనే నేలంతా ముళ్లు విత్తించి, ఆ ముళ్లను తన పాదం నుంచి తానే పిన్నీసుతో తీసుకుంటున్నాడు. కర్మసిద్ధాంతానికి ఇంత చక్కని దృష్టాంతం ఉండగా శాస్త్రకారులు కుండను, దారాన్ని పట్టుకొని ఎందుకు వేలాడారో తెలియదు. రబ్బరు చెప్పును దూరి వచ్చే ఈ ముల్లు ముందు శిబిరవాసి తొడిగిన మెత్తని బూటు కూడా ఒక్కొక్కసారి ఓడిపోతుంది. తీయడానికి ముందు మొనను మంటలో కాల్చి చల్లార్చాలి. ముల్లు పక్కన చర్మాన్ని కొద్దిగా విప్పి, దిగిన దిక్కుననే వెనక్కి లాగాలి. ధనుర్వాతపు సూది ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తులేనివాడు కొండ దిగగానే ఆసుపత్రికి పోవాలి. మానని పుండ్లకు జిల్లేడు పాలు పూసే పాత అలవాటును శిబిరవాసి అనుకరించరాదు, కంట్లో పడితే చూపుకే ముప్పు.

ప్రకృతానికి వస్తే, ఇక్కడ పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం, ఒకటి లేస్తుంది: “ఇవి ప్రతి ఇంట్లో ఉండేవే గదా, జాబితాలో వేరే రాయాలా?” ఇది వ్యధికరణ దోషం. హేతువు ఒకచోట, సాధించవలసినది మరొకచోట ఉంటే తార్కికులు దానికా పేరు పెట్టారు. ఇంట్లోని పిన్నీసు కొండమీది ముల్లును తీయదు. అసలు సంగతి వేరు. అయిదారు రూపాయల వస్తువు మీద అమ్మేవాడికి మిగిలేది ఏమీ లేదు గనుక, జాబితా రాసేవాడికీ అది గుర్తుకు రాదు.

తాడుకు విశేషవ్యాఖ్య అక్కరలేదు. ఈ గుట్టల్లో పలుచని మట్టి కిందనే రాయి ఉండటం వల్ల గుడారపు మేకు దిగదు; గుండుకో చెట్టుకో కట్టుకోవాలంటే పది మూరల నైలాను తాడు కావాలి.

ఉప్పు దగ్గర సూత్రకారుడు ఉపలక్షణ న్యాయాన్ని, అంటే ఒకదాన్ని పేర్కొని దాని తోడువాటిని కూడా సూచించే పద్ధతిని, పాటించాడు. ఉప్పు అంటే చక్కెర కూడా అని గ్రహించాలి. ఒక లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలిపితే, ఎండదెబ్బతోనో విరేచనాలతోనో శరీరం కోల్పోయిన నీరు, లవణం తిరిగి చేరతాయి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణంతోనే వేలమందిని కాపాడాడు. శిబిరమనే మాటకు నిజమైన బరువు అక్కడ ఉంది. నీళ్లను మాత్రం సూత్రం పేర్కొనలేదు. నీళ్లు లేకుండా కొండకు పోయే మనిషి ఉంటాడని సూత్రకారుడు ఊహించలేకపోయాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో, వందల అడుగుల లోతు బోరు నుంచి మోటారు వేసి తోడిన నీటిని ఊరివారు అడిగినవాడికల్లా లేదనకుండా పోస్తారు. పోయించుకున్నవాడు మరునాడు ఖాళీ సీసాలను ఆ ఊరి పొలిమేరలోనే పారేసి వెళ్తాడు. ఇందులో వ్యాఖ్యానించడానికి ఏమీ లేదు, ఇది సిగ్గుమాలిన పని.

తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుంటే గొడుగు, మెడకు కట్టి చెయ్యి వేలాడదీస్తే విరిగిన ఎముకకు ఊయల. తక్కినవి ఎవరికి వారు కనిపెట్టుకోగలరు.

అగ్గిపెట్టె చివర రావడంలో క్రమవివక్ష ఉంది, అంటే వరుసకు ఉద్దేశం ఉంది: జేబులో నుంచి అన్నింటికన్న చివర తీయవలసిన వస్తువు అదే. పద్నాలుగేళ్లు రూపాయికే దొరికిన అగ్గిపెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, పెట్టె పక్కగోడ మీద ఎర్రభాస్వరం వేరువేరుగా ఉంటాయి. అందుచేత పుల్లలు ఎంత పొడిగా ఉన్నా గోడ తడిస్తే పెట్టె మొత్తం పనికిరాదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణిస్తూ నిప్పు రాజుకోక ఇల్లాళ్లు పడే పాట్లను సైతం విడిచిపెట్టలేదు. అంతటి రాజుకు పట్టిన విషయం జాబితాకారులకు పట్టలేదు. పెట్టెను ఒక ప్లాస్టిక్ కవరులో చుడితే చాలు.

తడి బాధ ఏడాదిలో కొద్ది వారాలే, పొడి బాధ తక్కిన కాలమంతా. చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం మండలాల నడుమ కల్పవల్లి పేరుతో ఊళ్లవాళ్లు బోడిగుట్టలను 1990ల నుంచి కాపాడి మళ్లీ పచ్చబరిచారు. అక్కడి బోదగడ్డి ఇళ్ల కప్పుకు, పశువులకు ఆధారం, అయితే ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వకు గుట్ట గుట్టంతా అంటుకుంటుంది. అందుకే ఏటా గడ్డి కోసి నిప్పు దాటకుండా బాటలు తీస్తారు, మంట లేస్తే పచ్చికొమ్మలు పట్టుకొని రాత్రిపూటైనా పరుగెత్తుతారు. ‘శిబిరాగ్ని’ లేనిదే పాట రాదనే శిబిరవాసికి ఈ సంగతి జాబితాలో ఎవరూ రాసి ఇవ్వరు. తప్పదనుకుంటే గడ్డికి దూరంగా, గాలి లేనప్పుడు, ఊరివారిని అడిగి, వట్టి బండ మీద వెలిగించుకోవాలి. లేచేముందు నీళ్లు పోసి, బూడిదను అరచేత్తో తాకి చూడాలి. వేడిగా ఉంటే ఇంకో బిందె పోయాలి. ఆ బిందె కూడా ఊరివారిదే అయి ఉంటుంది.