మా చెయ్యే మా ఇండికేటరు

ఒరేయ్ అబ్బాయ్, ఆ బండికి స్టాండు వేసి ఇలా అరుగు మీదకొచ్చి కూర్చో. ఫోను జేబులో పెట్టు, కొంపలేం మునిగిపోవు. హ్యాండిల్‌కి రెండు పక్కలా ఆ ప్లాస్టిక్ డొప్పలేమిటి, డొప్పల అంచు వెంట ఆ తెల్ల దీపాలేమిటి, సందు మలుపు తిరుగుతుంటే అవి నారింజ రంగులోకి మారి కన్ను కొట్టడమేమిటి? నిమజ్జనానికి బయల్దేరిన వినాయకుడిలా ఉన్నావు. అడిగితే "కనిపించాలి కదా తాతయ్యా" అంటావు. కనిపించావులే. అరుగు కింద నిద్రపోతున్న కుక్కకి కూడా కనిపించావు.

మా రోజుల్లో కనిపించడానికి ఇంత తంతు లేదు. నా మొదటి బండి రాజ్‌దూత్‌కి ఇండికేటర్లే లేవు. మా చెయ్యే మా ఇండికేటరు. కుడికి తిరగాలంటే కుడిచెయ్యి బారుగా చాపడం, ఎడమకి తిరగాలంటే అదే చేతిని గుండ్రంగా తిప్పడం, ఆగాలంటే పైకెత్తడం. లైసెన్సుకి వెళితే ముందు ఇవే చేసి చూపించమనేవారు. ఎక్సలేటరు కూడా ఆ కుడిచేతి కిందే కదా, చెయ్యి తియ్యగానే బండి దానంతటదే నెమ్మదించేది. అంటే మలుపులో వేగం తగ్గించమని ఎవరూ చెప్పక్కర్లేదన్నమాట. ఇంత తెలివైన ఏర్పాటు మళ్లీ ఎవడైనా చేశాడా? రాత్రిపూట ఆ చెయ్యి ఎవరికి కనిపించేదని అడగకు. పెద్దవాళ్లు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డురాకూడదు.

ఇంకో సంగతి చెబితే నువ్వు నమ్మవు. హెడ్‌లైటు అద్దం పైన సగానికి నల్లరంగు పుయ్యాలనేవారు మాకు. వెలుగు ఎదుటివాడి కళ్లలో పడకూడదని. పుయ్యనివాణ్ణి పోలీసులు ఆపి, రంగుడబ్బా, బ్రష్షు పట్టుకుని రోడ్డుమీదే బొట్టు పెట్టి పంపేవారు. అలా సగం దీపంతో బతికినవాళ్లం మేం. అదే సర్కారు 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా తయారయ్యే బళ్లకి హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే ఉండకూడదంది. ఇంజను తిరిగితే దీపం వెలగాల్సిందే, మిట్టమధ్యాహ్నమైనా సరే. పూర్వం పగలు ఎవరి దీపమైనా వెలుగుతుంటే ఎదురొచ్చినవాడల్లా గుప్పిట మూసి తెరిచి సైగ చేసేవాడు. వాడెవడో నువ్వెవడో, అయినా నీ బ్యాటరీ మీద వాడికి బెంగ. ఇప్పుడు ఊరంతా పగటి దీపాలే, ఎవరి కోసమని సైగ చేస్తాం? అయినా నా వేళ్లు ఊరుకోవు, అరుగు మీద కూర్చుని ఇప్పటికీ మూసి తెరుస్తుంటాను. కుర్రాళ్లు నేను టాటా చెబుతున్నాననుకుని తిరిగి చెయ్యూపి పోతున్నారు.

రాజ్‌దూత్ తరవాత ఎజ్డీ కొన్నాను. కిక్కు కొట్టే కడ్డీనే ముందుకి మడిస్తే గేరు కడ్డీ అయ్యేది, ఒకే ఇనపముక్కతో రెండు పనులు. ఆ పాత ఎజ్డీల తయారీ 1996లో ఆగిపోయింది. ఆరు వోల్టుల బ్యాటరీ, దాని మీద నడిచే ఒక దీపం. లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే మలుపు రాగానే రేజు తగ్గించేవాళ్లం, వెంటనే దీపం ఎర్రబడి మినుకుమినుకుమనేది. వేగం ఎంతో వెలుగు అంత. నెమ్మదిగా పోయేవాడికి బోలెడంత వెలుగు దేనికిరా? దారి అంతగా చూడాలనుకుంటే మలుపులోనే కాస్త రేజు చేసుకోవాలి. (మలుపులో రేజు చేస్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోనీలే.) పుష్యమాసం మంచులో హెడ్‌లైటుకి పసుపు రంగు సెల్లోఫేను కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసేవాళ్లం. చేతులకి పాత మేజోళ్లు. చొక్కా లోపల నిన్నటి పేపరు. ముందు ఆర్టీసీ బస్సు దొరికితే దాని వెనక ఎర్రదీపాలు పట్టుకుని కొండ ఎక్కేయడమే. కిందికి దిగాక అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి పోయే ఎడ్లబళ్లు బారులు తీరి ఎదురయ్యేవి, ఇరుసు కింద లాంతరు వేలాడుతూ. బండివాడు లోపల గుర్రుపెట్టి నిద్రపోయేవాడు, దారి ఎడ్లకి తెలుసు. అంత నిశ్చింత ఇప్పుడే బండిలో ఉందో చెప్పు.

నీ డొప్పల దగ్గరికే వస్తున్నాను, కంగారు పడకు. అడవి దారుల్లో పందేలు తోలేవాళ్లకి కొమ్మలు తగిలి వేళ్లు చితక్కుండా, బండి పడినా లివర్లు విరక్కుండా పుట్టాయవి. చలిగాలి ఆగడం కొసరు. మీరేమో నర్సీపట్నం బజార్లో తిరగడానికి బిగించారు. అక్కడ నీ వేళ్లకి తగిలే కొమ్మ ఏముంది, అరటిపళ్ల బండి తప్ప? సరే, దీపాలు పెట్టడానికి చోటు దొరికింది కదా అన్నావు. ఒప్పుకోవడం ఇష్టం లేదుగానీ, ఆ మాటలో పస ఉంది. ఒంటిదీపం ఎదురొస్తుంటే అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో కంటికి అందదు. రెండు దీపాలు ఎడంగా ఉంటే, ఆ ఎడం పెరగడాన్ని బట్టి దగ్గరికొస్తోందని తెలుస్తుంది. నడిమధ్య హెడ్‌లైటు, చేతులకి చెరొకటి, మూడు మూలల దీపమైతే బండి వెడల్పు కూడా తెలుస్తుంది. మా కాలంలో ఒంటికన్ను లారీలని ఉండేవి. మోటారు సైకిలే కదా అని ధీమాగా పోతే, దగ్గరికొచ్చాక చీకట్లోంచి లారీ మొత్తం బయటికొచ్చేది. మేం చెవితో గుర్తుపట్టేవాళ్లం. లారీ చప్పుడు వేరు. ఈ చెవుల్లో పాటలు పెట్టుకునే సంతకి ఆ విద్య ఎలా అబ్బుతుంది?

ఆ తెల్ల ఎల్‌ఈడీ వెలుగు కూడా అసలు తెలుపు కాదట. నీలం దీపం మీద పసుపు పూత. ఆ నీలం దీపం కనిపెట్టినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. మేమూ దీపానికి పసుపు కాగితం చుట్టాం. మాకు కనీసం టీ కూడా ఎవరూ పొయ్యలేదు.

నువ్వు వైరింగు చేస్తుంటే వెనక నిలబడి చూశాను. బాగానే చేశావులే, పొంగిపోకు. బ్యాటరీకి నేరుగా కలపకుండా పార్కింగు లైటు వైరులోంచి లాగావు, తాళం తీస్తే దీపాలూ ఆరుతాయి. ఎల్‌ఈడీ కరెంటు తాగేది బహు తక్కువ, ఆ వైరు మోస్తుంది. ఇండికేటరు పక్కనేమో మామూలు బల్బులు తీసేసి అన్నీ ఎల్‌ఈడీలే పెట్టేసరికి పాత ఫ్లాషరు పిచ్చెక్కినట్టు టకటకమంది. బల్బు లాగే కరెంటుని బట్టి నడిచే యంత్రమది, కరెంటు తగ్గితే బల్బు పోయిందనుకుంటుంది. మా రోజుల్లో ఆ టకటకే మాకు కబురు, ఒక బల్బు మాడిపోయిందని. నువ్వు ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేసి దాని నోరు నొక్కేశావు. ఇక బల్బు పోతే నీకు ఎవరు చెబుతారు? నేనే చెప్పాలి, అరుగు మీంచి.

నా అసలు బాధ అది కాదు. మా రోజుల్లో ఎదురుగా బండి వస్తే డిమ్ కొట్టేవాళ్లం. లారీవాడూ కొట్టేవాడు, అదొక పలకరింపు. ఇప్పుడు ఆ స్విచ్చు జోలికి ఎవడూ పోడు. హెడ్‌లైటు చాలదని పక్కదీపాలు, అవి చాలవని బంపరు మీద ఇంకో జత, అన్నీ ఎదుటివాడి కళ్లలోకే. శుక్లాల ఆపరేషను అయిన కళ్లు నావి, దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి, కాబట్టి కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానేమో. సగం మాత్రం నిజమే.

వచ్చే ఆదివారం లంబసింగి పోతున్నారటగా. పోయే ముందు ఆ వైరుకి చిన్న ఫ్యూజు వెయ్యి, ఆ ఒక్కటీ మర్చిపోయావు. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా తిప్పి చూడు, వైరు బిగుసుకుంటే ఇంకాస్త వదులుగా ఉంచు. అతుకుల మీద ఉత్త టేపు చుట్టి ఊరుకోకు, వాన నీళ్లకి ఊడొస్తుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి వేడి చెయ్యి. ముందువైపు ఎర్రదీపం పెట్టకు, చట్టం ఒప్పదు. దీపాల ముఖం కాస్త కిందికి వంచు. మంచులో హైబీమ్ వెయ్యకు, వెలుగంతా వెనక్కొచ్చి నీ మొహానే కొడుతుంది. ఇక ఎదురుగా ఎవరొచ్చినా సరే, ఆర్టీసీ బస్సు కానీ, నాలాంటి ముసలాడి మోపెడ్ కానీ, బొటనవేలు కదిపి డిమ్ కొట్టు నాయనా.