ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు వినకూడని సలహాలు

అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిందని తెలియగానే మన ఇళ్లలో సలహాలకు కొదవుండదు. కన్సల్టెన్సీవాళ్లు, డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు, వాట్సాప్ గ్రూపులో సీనియర్లు, అందరూ చెప్పేవాళ్లే. వాటిలో చదువును మధ్యలో ఆపేసేవి కొన్నున్నాయి.

"యూనివర్సిటీ ఏదైతేనేం, వీసా వస్తే చాలు." ఈ మాట నమ్మినవాళ్ల గతి మనం చూశాం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో అధికారులు దాడులు చేసినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. చేరినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. క్లాసుకు వెళ్లకుండా ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా అంటే ఆ గుమ్మం తొక్కకండి.

"గ్యాస్ స్టేషన్‌లో చేరిపో, చేతికి క్యాష్ ఇస్తారు." ఎఫ్-1 విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయాలి. బయట అనుమతి లేకుండా చేస్తే అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదాకే, అంటే స్టేటస్‌కే ముప్పు. ఆ పనికి దిగేవాళ్లను నేను తప్పుపట్టలేను. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, నెలనెలా వడ్డీ వాళ్లను నిద్రపోనివ్వవు. అయితే చట్టంలోనే ఒక దారి ఉంది. ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక తండ్రి ఆదాయం పడిపోవడం, రూపాయి విలువ బాగా తగ్గడం, ఆసుపత్రి ఖర్చులు మీద పడడం వంటి అనుకోని కష్టం వస్తే బయట పని చేయడానికి అనుమతి కోరవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

"ప్రొఫెసర్‌ని అడిగితే చులకనైపోతావ్, పాత అసైన్‌మెంట్ నేనిస్తాలే." మన ఇంజనీరింగ్ కాలేజీల్లో రికార్డు చూసి రాయడం మామూలే. అక్కడ అదే పని చేస్తే విచారణ జరుగుతుంది, యూనివర్సిటీ నుంచి పంపేయవచ్చు కూడా. ప్రొఫెసర్లు వారానికి కొన్ని గంటలు విద్యార్థుల కోసమే కేటాయించి, ఆ వేళలు సిలబస్ కాగితంలోనే రాస్తారు. అర్థం కాలేదని చెప్పడానికే ఆ గంటలు. చాలా యూనివర్సిటీల్లో జీపీఏ 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్‌లో పెడతారు. అంతదాకా ఆగకుండా మొదటి పరీక్షలో మార్కులు తగ్గినప్పుడే వెళ్లండి.

అన్నిటికంటే ఎక్కువ చెడు చేసే సలహా ఇంకొకటి ఉంది: "డీఎస్ఓకి మాత్రం చెప్పకు, వీసా పోతుంది." డీఎస్ఓ అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి. నిజం ఈ సలహాకు పూర్తిగా తలకిందులు. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడినా, అక్కడి బోధన పద్ధతి అలవాటు కాకపోయినా, స్థాయికి మించిన కోర్సులో పడినా, డీఎస్ఓ కోర్సుల భారం తగ్గించుకోవడానికి అనుమతి ఇవ్వవచ్చు. జబ్బు చేస్తే డాక్టర్ లేఖ మీద సెలవూ దొరుకుతుంది. అనుమతి ముందే తీసుకోవాలి, అదే ముఖ్యమైన షరతు. అడగకుండా కోర్సు వదిలేస్తేనే స్టేటస్‌కు ముప్పు.

"ఇంట్లో చెప్పకు, కంగారుపడతారు" అని కూడా అంటారు. దిగులు లోపల పెట్టుకుని గదిలో తలుపులేసుకున్న పిల్లల గురించి వింటే గుండె తరుక్కుపోతుంది. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు వస్తే అమెరికాలో ఎక్కడినుంచైనా, ఏ వేళకైనా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. అమ్మానాన్నలకూ ఒక విన్నపం. ఫోన్ ఎత్తగానే జాబ్ గురించి అడగకండి. తిన్నావా, నిద్ర పడుతోందా అని అడగండి.

వెళ్లబోయేవాళ్లు యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం తీసి, దాని మీద సంతకం చేసిన డీఎస్ఓ పేరు చూసుకోండి. క్లాసులు మొదలైన వారంలోనే వెళ్లి ఆ మనిషిని కలవండి.