ఒకటిన్నర స్పీడులో నెపోలియన్

పాత సినిమాలకు శిక్షలు వేసే ప్రేక్షకోత్తములు ఈమధ్య ఎక్కువయ్యారు. వీరి బోనెక్కిన తాజా ముద్దాయి ఆబెల్ గాన్స్ తీసిన ‘నెపోలియన్’. 1927 ఏప్రిల్‌లో పారిస్ ఒపేరాలో తొలిసారి వేసిన ఈ మూకీ, కెవిన్ బ్రౌన్‌లో ఏళ్ల తరబడి ముక్కలు ఏరి కూర్చిన రూపంలో ఐదున్నర గంటలు నడుస్తుంది. అంత తీరిక ఎవరికుంది? అందుకే మెట్రోలో వేలాడుతూ, ఫోన్‌లో, ఒకటిన్నర స్పీడులో కానిచ్చేస్తారు.

సౌండ్ మాత్రం పూర్తిగా కట్టేస్తారు. మూకీ కదా!

ఒపేరాలో ఆనాడు ఆర్థర్ ఒనెగర్ సంగీతం మోగిందనీ, తర్వాత బ్రౌన్‌లో కూర్పుకు కార్ల్ డేవిస్ గంటల కొద్దీ స్వరాలు రాశాడనీ వీరికి చెప్పేదెవరు? పైగా ఫిర్యాదొకటి: ‘‘ఆ మనుషులేంటండీ, కీ ఇచ్చినట్టు పరిగెడతారు?’’ సెకనుకు 20 ఫ్రేముల లెక్కన నడవాల్సిన బొమ్మను 30కి తోలితే పరిగెత్తక ఏం చేస్తారు పాపం! సినిమా నత్తనడక అని స్పీడు పెంచిందీ వీరే, నటులకు నడక రాదని తేల్చిందీ వీరే. 1981లో కొపోలా న్యూయార్క్‌లో ఈ సినిమా వేసినప్పుడు 24 ఫ్రేములకు పెంచి, కొంత కోసి, నాలుగు గంటల్లో సర్దాడు. ఆయన నెత్తిన వాద్యబృందం ఖర్చుంది. వీరి నెత్తిన? దిగాల్సిన స్టేషన్.

గాన్స్ ఏం తక్కువ తినలేదు. కెమెరాను గుర్రమెక్కించాడు. పార్లమెంటులో సభ్యులు కొట్టుకుంటుంటే జనం నెత్తిమీదుగా దాన్ని లోలకంలా ఊపాడు. అక్కడ సభ ఊగుతుంటే ఇక్కడ సముద్రంలో, జెండానే తెరచాపగా కట్టిన పడవలో నెపోలియన్ ఊగుతుంటాడు. మన ప్రేక్షకోత్తముడికి ఆ సీను రెండుసార్లు ఆగింది. ఒకసారి కొరియర్ కుర్రాడు, ఇంకోసారి ఓటీపీ.

ఇక క్లైమాక్స్. ఇటలీ మీదికి సైన్యం కదిలేసరికి తెర ఒకటి కాస్తా మూడవుతుంది. ఎత్తుకు నాలుగింతల వెడల్పు. చివర్లో ఆ మూడూ నీలం, తెలుపు, ఎరుపు రంగుల్లో ఫ్రాన్స్ జెండా అయిపోతాయి. పదిహేను సెంటీమీటర్ల ఫోన్‌లో ఒక్కో తెర వాటా అగ్గిపెట్టెంత. అందులో దండుకు దండు, కొండలు, డేగ! ‘‘గ్రాఫిక్స్ తేలిపోయాయి’’ అని తీర్పు.

అమెరికాలో ఎంజీఎం కంపెనీ ఈ సినిమా కొని, అడ్డదిడ్డంగా కోసి, మూడు తెరలు ఎత్తేసి విడుదల చేసిందని చరిత్రకారులు నేటికీ తిట్టిపోస్తుంటారు. పాపం, కనీసం ఆ కంపెనీ డబ్బిచ్చి కొన్నాక కోసింది.

ఇంతా అయ్యాక అసలు సందేహం: వాటర్లూ ఏది? గాన్స్ ఆరు సినిమాలు అనుకున్నాడు, ఒక్కటే తీయగలిగాడు, అది 1796లోనే ఆగిపోతుంది. 2023లో రిడ్లీ స్కాట్ 158 నిమిషాల్లో చావుదాకా చూపించేశాడు కదా అని వీరి వాదన. అంచేత మూడు ఇద్దామనుకున్న రేటింగు 2.75 దగ్గర ఆగింది. ఆ పావు వాటర్లూ బాపతు.